గోడ మీద ఆమె

నుమాయిష్‌లో ‘మౌత్ కా కువా’ అంచున నిలబడి నేను చూసిన ప్రతిసారీ, చెక్కగోడ మీద బండి తిప్పింది మగవాళ్లే. ఈ ఆట చరిత్ర చదువుతుంటే మాత్రం మొదటి తరాల్లోనే ఆడవాళ్లు ఎదురయ్యారు.

1910లలో అమెరికా వినోద పార్కుల్లో మొదలైన ఆట ఇది. కాన్సాస్‌లో పుట్టిన ఆగ్నెస్ మిచెక్ ‘లిలియన్ లా ఫ్రాన్స్’గా పేరు మార్చుకుని, స్వెట్టర్ మీద పుర్రె బొమ్మతో 1920, 30లలో ఊరూరా తిరిగి నిటారు గోడ మీద స్వారీ చేసింది. 1929లో ఇంగ్లండ్‌లోని సౌత్ఎండ్ కుర్సాల్‌లో ఈ ఆటకి పేరు తెచ్చిన వాడు టొర్నాడో స్మిత్. ఆయన భార్య డోరిస్ ‘మార్జొరీ డేర్’ పేరుతో అదే గోడెక్కింది. అతని పక్కబండిలో సింహం కూడా తిరిగేది.

పది మీటర్ల వెడల్పున్న బావిలో గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో తిరిగే మనిషిని, తన బరువుకి మూడు రెట్లకు పైగా బలం గోడకేసి అదుముతుంది. ఆ అదుము వల్లే టైరుకి పట్టు దొరుకుతుంది. వేగం తగ్గితే ఆడైనా మగైనా కింద పడాల్సిందే. గోడకి వివక్ష తెలియదు.

వివక్షంతా గోడ బయటే ఉంది. ఆట మొదలయ్యే ముందు గుడారం ఎదుట అరుగు మీద, రోలర్ల పైన బండి నడిపి జనాన్ని పోగుచేయడం అక్కడి ఆనవాయితీ. ఆ అరుగు మీద ఆడదాన్ని నిలబెడితే టికెట్లు ఎక్కువ తెగుతాయని యజమానులకి తెలుసు. లోపల నైపుణ్యం, బయట ఎర. ఒకే మనిషి రెండు పనులూ చేసింది. లిలియన్‌ని ‘మృత్యువుతో సరసాలాడే పిల్ల’ అని ప్రచారం చేశారు. అవే ప్రాణాలు పణంగా పెట్టిన మగవాడు ‘సాహసి’ అనిపించుకున్నాడు. ఆమె చేసింది మాత్రం సరసమైంది!

ఇన్సూరెన్స్ కంపెనీలు మాకు బీమా ఇవ్వవు, గాయపడితే మీరేసే చిల్లరే ఆధారం అని ఆట చివర ప్రేక్షకుల్ని అడగడం అమెరికా, ఇంగ్లండ్ బృందాల్లో పాత అలవాటు. మన దగ్గర తిరుగుతూనే చేతుల్లోంచి నోట్లు అందుకుంటారు. ఆ డబ్బుని మనం బహుమానం అనుకుంటాం. నిజానికది బీమా లేని శ్రమకి జనం విసిరే పరిహారం.

స్త్రీల శ్రమ చరిత్ర రాసేటప్పుడు పొలం, మిల్లు, వంటిల్లు గుర్తొస్తాయి. జాతర గుడారం గుర్తురాదు. వినోదం పంచే స్త్రీని కార్మికురాలిగా లెక్కించడానికి మనకింకా మొహమాటమే. లిలియన్, డోరిస్‌ల పేర్లు మారుపేర్లతోనైనా మిగిలాయి. వాళ్లతోపాటు తిరిగి పోస్టరుకైనా ఎక్కని వాళ్లెందరో!