ఉప్మా, ఇన్సులిన్, ఇరవై తొమ్మిది ఊళ్ళు

ఆఫీసు హెల్త్ చెకప్‌లో పరగడుపు షుగర్ 112 వచ్చింది. పరకాలకి ఫోన్ చేసి చెప్తే అమ్మ ముందు నా కుర్చీ ఉద్యోగాన్ని తిట్టింది, తర్వాత బయటి తిండిని. ఆమె పన్నెండేళ్ళుగా షుగర్ గోలీలు వేసుకుంటోంది. బక్కపలచటి మనిషి. "నేనేమన్న గిన్నెల కొద్ది పాయసం తాగిన్నా? మరి నాకెట్లొచ్చిందిరా?" అని ఆఖరికి తనే అడిగింది.

ఆ ప్రశ్నకి కాస్త దగ్గరగా వచ్చే జవాబొకటి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో, ఉప్మా గిన్నెలో దొరికింది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ షుగర్ కోసం పుట్టింది కాదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకి వచ్చింది. తిండి చాలనివాళ్ళ జబ్బులే దాని అసలు పని. 1987లో అక్కడివాళ్ళు వేసుకున్న ప్రశ్న కూడా ఆకలి గురించే: గర్భిణికి రోజూ కొంత తిండి అదనంగా పెడితే పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా?

అప్పటికి ఐసీడీఎస్ పథకం, అంటే మన అంగన్వాడీ, విడతలవారీగా ఊళ్ళకి వస్తోంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో స్టేజ్డ్ రోలౌట్. పథకం వచ్చిన 15 ఊళ్ళు, ఇంకా రాని 14 ఊళ్ళు తీసుకున్నారు. వచ్చిన ఊళ్ళలో మొక్కజొన్న, సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా పెట్టేవారు. గర్భిణులకి రోజుకి 500 కెలోరీలు, పిల్లలకి 300. 1990కి లెక్క తేలింది: బిడ్డల బరువులో తేడా సగటున ఓ 60 గ్రాములు. ఒక నిమ్మకాయంత.

అక్కడితో ఫైలు మూసేసి ఉండేవాళ్ళేమో. కానీ 1992లో హేల్స్, బార్కర్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఒక ఊహ ముందుకు తెచ్చారు. కడుపులో తిండి చాలని శిశువు ఉన్నదాంతో సర్దుకుంటుంది, ఆ సర్దుబాటులో క్లోమం ఎదుగుదల కుంటుపడుతుంది, పెద్దయ్యాక తిండి దొరకగానే ఆ ఒళ్ళు తట్టుకోలేదు అని. దీన్ని పరీక్షించాలంటే కడుపులో ఉన్నప్పుడు ఎవరికి తిండి అందిందో, ఎవరికి అందలేదో తెలిసిన పిల్లలు కావాలి. మన 29 ఊళ్ళలో ఉన్నారు!

2003-05లో మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళారు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 1165 మందిని పరీక్షించారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసంలో సంజయ్ కిన్రా, పాత ప్రయోగం నాటి కె.వి. రామేశ్వర శర్మ, చెన్నై డయాబెటిస్ నిపుణుడు వి. మోహన్, ఇంకా బ్రిస్టల్, కేంబ్రిడ్జ్, కార్డిఫ్ వాళ్ళ పేర్లున్నాయి. ఉప్మా ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఒంట్లో కొవ్వులో పెద్ద తేడా లేదు. ఇన్సులిన్ నిరోధం మాత్రం 20 శాతం తక్కువ. నిమ్మకాయంత తేడా దగ్గర ఆగిపోయి ఉంటే ఇది బయటపడేదే కాదు.

దీన్ని మరీ నెత్తికెత్తుకోకూడదు. ఊళ్ళని లాటరీ వేసి పంచలేదు. 20 శాతం అన్నది కూడా 3 నుంచి 39 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వ్యాసమే చెప్పింది. ఇన్సులిన్ నిరోధం ఉన్నంత మాత్రాన షుగర్ వచ్చినట్టూ కాదు. అయినా "తిని తిని తెచ్చుకున్నారు" అనే మన తీర్పుని కాస్త ఆపి ఆలోచించడానికి ఇది చాలు.

నన్ను వదలనిది మాత్రం ఆ 14 ఊళ్ళు. వాళ్ళకి ఉప్మా ఆపింది శాస్త్రవేత్తలు కాదు, సర్కారు జాబితాలో వాళ్ళ వంతు రాలేదు, అంతే. మా పనిలో రెండో గ్రూపుకి కొత్త వెర్షన్ వచ్చే వారం వెళ్తుంది, ఎవరికీ ఏమీ కాదు. 1988లో ఏడో నెల నడుస్తున్న మనిషికి వచ్చే ఏడాది మొదలయ్యే అంగన్వాడీతో ఏం లాభం? ఆ తర్వాత కూడా ఈ ఊళ్ళవాళ్ళు రక్తమిస్తూనే ఉన్నారు. 2010-12లో తల్లిదండ్రుల్నీ, తోబుట్టువుల్నీ కలుపుకుని ఆరువేల పైచిలుకు మంది. ఉప్మా వండిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఆ రచయితల జాబితాలో లేవు.

నేను పుట్టింది కూడా 1988లోనే. నేను కడుపులో ఉన్నప్పుడు ఏం తినేదానివని మొన్న అమ్మని అడిగాను. అప్పుడు మన వాడలో అంగన్వాడీ ఉండెనో లేదో యాదికి లేదంది. "పొద్దున సల్లబువ్వ, పచ్చడి. మాపటికి మీ నాయిన తిన్నంక మిగిలింది. ఇప్పుడెందుకురా అవన్ని?"