సభలో తెలుగు మాట: 1921 నేర్పిన పాఠం



పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి వంటి గ్రామాలలో ఎన్నో ఇళ్ల మాట తెలుగు. కార్యాలయ భాష కన్నడం. 2001లో కర్ణాటకలో ఏర్పడిన ఎస్.డి.ఎం.సి.లు తల్లిదండ్రులకు బడి వ్యవహారాలలో స్థానం కల్పించాయి. ఆ సమావేశంలో తెలుగు తల్లి నిస్సంకోచంగా మాట్లాడగలదా?

1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలను ఆలకించిన సభికులే, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా గేలి చేశారు. నొచ్చుకున్న తెలుగువారు ఆ రాత్రే ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించుకొన్నారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అదే బీజం.

సభానియమాలు అలంకారాలు కావు; గొంతు చిన్నదైన వారికి అవి అండ. కనుక చర్చనీయాంశాలను ముందుగానే తెలియజేయండి. కోరం ఉన్నదో లేదో చూడండి. ఒకరు ప్రతిపాదించి మరొకరు బలపరచిన తీర్మానాన్నే చర్చకు తీసుకోండి. వక్తలు అధ్యక్షుణ్ణి ఉద్దేశించే మాట్లాడాలి. అడ్డుతగిలేవారిని అధ్యక్షుడు వారించాలి. తీర్మానాన్ని కన్నడంలో రాసినా, సంతకాలకు ముందు తెలుగులో చదివి వినిపించండి.

ఓటులో ఓడినవారు కూడా తమ మాట విన్నారన్న తృప్తితో ఇల్లు చేరితే, ఆ సభ సఫలమైనట్లే.