ఏ రాష్ట్రం పోదాం? ఎవరింట దిగుదాం?



ఇల్లు మారడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు. బదిలీ ఉత్తర్వు ఎవరి పేర వచ్చినా, డబ్బాలు సర్దేదీ, పాలవాడి లెక్క తేల్చేదీ, పిల్లల టి.సి.లు భద్రం చేసేదీ మనమే గదా! అయితే ఎక్కడికి పోవాలో ఆ ఉత్తర్వులోనే ఉంటుంది. అలా చెప్పేవారు లేక, చేతిలో పైకం లేక, ఉన్న ఊరు తిండి పెట్టక, ఏ రాష్ట్రానికి పోవాలో మనకు మనమే తేల్చుకోవలసి వస్తే? 1930లలో అమెరికాలో లక్షలాది సంసారాలకు సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురయింది. ఇవాళ మీకు ఆ కథ చెబుతాను.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలింది. దానితో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, బ్యాంకులు మునిగాయి, పంటకు ధర లేకుండా పోయింది. 1929లో ఒక బుషెలు, అంటే సుమారు 27 కిలోల గోధుమలకు డాలరు దాకా వచ్చేది. 1932 నాటికి 40 సెంట్లు కూడా రాలేదు. కోత కూలి గిట్టడమే గగనమైంది.

దానికితోడు వానలు మొహం చాటేశాయి. ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్ మైదానాల్లో నేలను పట్టి ఉంచింది అక్కడి గడ్డి వేళ్లే. గోధుమకు మంచి ధర పలికిన రోజుల్లో ట్రాక్టర్లు పెట్టి ఆ గడ్డినంతా దున్నేశారు. ఇక ఎండ కాసేసరికి మట్టి పిండిలా పొడై, గాలితోపాటు లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం లేచిన దుమ్ము తుపానుకు పట్టపగలే చీకటి పడింది. ఆ ఇల్లాళ్లు కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవారు. కంచాలు బల్లమీద బోర్లించి ఉంచి, వడ్డించే క్షణానికి తిప్పేవారు. అయినా ముద్దలో ఇసుక తగిలేది.

దుమ్ము ఒక్కటే కారణమనుకోకండి. తూర్పు ఓక్లహోమాలో, ఆర్కన్సాలో పత్తి పండించే కౌలుదార్లు ఎంతోమంది ఉండేవారు. ధర పెరగాలని ప్రభుత్వం 1933లో పత్తి సాగు తగ్గించినవారికి డబ్బు ఇచ్చింది. అందులో చాలావరకు భూస్వాముల చేతికే పోయింది. వారు ట్రాక్టర్లు కొనుక్కుని కౌలుదార్లను లేవగొట్టారు. కాలిఫోర్నియా దారి పట్టినవారిలో దుమ్ము దెబ్బ తిన్నవారికన్నా, ఇలా పత్తి ప్రాంతాల నుంచి కదిలినవారే ఎక్కువ.

మరి కాలిఫోర్నియానే ఎందుకు? చలి తక్కువ. నారింజ తోటలు, పత్తి చేలు ఉన్నాయి. పనివాళ్లు కావాలని తోటల యజమానులు అచ్చు వేయించిన కరపత్రాలు ఊరూరా తిరిగాయి. కాని కరపత్రం చూసి సంసారం కదలదమ్మా! అంతకు ముందే, 1920లలోనే, అక్కడికి వెళ్లి స్థిరపడిన బంధువులు చాలామందికి ఉన్నారు. వారి దగ్గరనుంచి ఉత్తరాలు వచ్చేవి. పని దొరుకుతుందా, పిల్లలకు బడి ఉందా, దిగిన కొత్తలో నాలుగు రోజులు ఎవరి పంచన ఉండాలి? ఇవీ అసలు ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పేది అక్కయ్య ఉత్తరమో, పినతండ్రి ఉత్తరమో గాని కరపత్రం కాదు. పేరుకు రాష్ట్రాన్ని ఎంచుకున్నారు గాని, నిజానికి ఎంచుకున్నది తెరుచుకునే ఒక గుమ్మాన్ని.

పాత ఫోర్డు కారు మీద పరుపులు, కుర్చీలు, వంటసామాను కట్టుకుని, 66వ నంబరు రోడ్డు మీద పడమటికి సాగారు. ఆ పదేళ్లలో ఓక్లహోమా, టెక్సాస్, ఆర్కన్సా, మిస్సోరీల నుంచి మూడు లక్షలకు పైబడి కాలిఫోర్నియా చేరారు. తీరా చూస్తే పనికన్నా మనుషులు ఎక్కువ. కూలి రేట్లు పడిపోయాయి. కాలవగట్ల మీద గుడారాలే ఇళ్లు. వారి యాసను వెక్కిరిస్తూ ‘ఓకీలు’ అని పేరు పెట్టారు.

అంతటితో ఆగలేదు. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజలిస్ నగర పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ తన పోలీసులను 136 మందిని రాష్ట్ర సరిహద్దులకు పంపాడు. చేతిలో డబ్బు లేనివారిని వెనక్కు పంపేయమని వారికి ఆజ్ఞ. ఊరి పోలీసులకు రాష్ట్ర సరిహద్దులో ఏమి పని అని గోల లేచి, కొద్ది వారాలకు ఆ కాపలా ఎత్తేశారు. కాని చట్టం ఒకటి ఉండనే ఉంది. వేరే రాష్ట్రపు నిరుపేదను, నిరుపేద అని తెలిసీ కాలిఫోర్నియాలోకి తీసుకురావడం నేరం!

ఈ చట్టానికి చిక్కినవాడు ఫ్రెడ్ ఎడ్వర్డ్స్. కాలిఫోర్నియాలో మేరీస్‌విల్ అతని ఊరు. 1939 డిసెంబరులో టెక్సాసులోని స్పర్ అనే ఊరికి వెళ్లి, పని లేక ఉన్న తన బావమరిది ఫ్రాంక్ డంకన్‌ను కారులో వెంటబెట్టుకు వచ్చాడు. బయలుదేరేటప్పుడు డంకన్ దగ్గర ఉన్నవి సుమారు 20 డాలర్లు. ఇల్లు చేరేసరికి అవీ అయిపోయాయి. ప్రభుత్వ సాయం అందేదాకా ఓ పది రోజులు తోబుట్టువు ఇంట్లోనే ఉన్నాడు. మన ఇళ్లల్లో ఇది నేరమా చెప్పండి? ఎడ్వర్డ్స్‌కు మాత్రం ఆరు నెలల శిక్ష వేసి, అమలు ఆపి ఉంచారు.

అతను సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1941 నవంబరు 24న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేశారు. దేశానికి వచ్చిన కష్టం నుంచి ఒక్క రాష్ట్రం తలుపులు వేసుకుని తప్పించుకోవడం కుదరదన్నారు. చేతిలో డబ్బు లేనంత మాత్రాన మనిషిని చెడ్డవాడిగా చూడరాదన్నారు. పౌరుడి హక్కు అతని జేబును బట్టి ఉండదని జస్టిస్ జాక్సన్ తన తీర్పులో విడిగా రాశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే అమెరికా యుద్ధంలోకి దిగింది. విమానాల ఫ్యాక్టరీలకూ, ఓడల రేవులకూ మనుషులు కావలసి వచ్చి, నిన్న వద్దన్న ‘ఓకీలనే’ పిలిచి పని ఇచ్చారు!

ఇక మన సంగతి. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం, 19వ అధికరణంలో, దేశంలో ఎక్కడికైనా పోయే హక్కూ, ఎక్కడైనా స్థిరపడే హక్కూ మనకు ఇచ్చింది. మన కోస్తా జిల్లాల రైతులు తుంగభద్ర కాలవల కిందికి, రాయచూరు ప్రాంతానికి తరలి వెళ్లి క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు గదా! మొదట ఒక కుటుంబం పోతే, ఆ వెనుక వారి బంధువులు పోయారు. అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పరాయి రాష్ట్రంలో కూలీ పోయి, అద్దె కట్టలేక, వందల మైళ్లు నడిచిన తల్లులను చూశాం. రోడ్డు తెరిచి ఉండడమే కాదు, చేరిన చోట రేషనూ, బడీ, నాలుగు రోజుల నీడా ఉండాలి.

మన వీధిలో కొత్తగా కడుతున్న మేడ దగ్గర రేకుల షెడ్డులో ఒక సంసారం దిగి ఉండవచ్చు. ఆ ఇల్లాలికి మన భాష రాకపోవచ్చు. ఆమె కూడా ఎన్నో రాత్రులు లెక్కలు వేసుకునే మన ఊరిని ఎంచుకుని ఉంటుంది. నీళ్లెక్కడ పట్టుకోవాలో, పిల్లవాణ్ణి ఏ బడిలో వేయాలో మనం చెబితే, ఆమెకు ఒక గుమ్మం తెరిచినట్టే. అందుకు సుప్రీంకోర్టు దాకా పోనక్కర్లేదు.