దరఖాస్తులో ఆ గడి

యూనివర్సిటీ ఎమ్మే దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, డిగ్రీ మార్కులు గబగబా రాసేస్తాం. కలం ఆగేది ఒక్కచోటే, 'కులం - వర్గం' అన్న గడి దగ్గర. ఇరవై ఏళ్ళ కిందట తునిలో బి.ఏ. ముగించి విశాఖపట్నంలో పీజీ చదవాలని బయల్దేరినప్పుడు మేమూ అక్కడే ఆగాం. కులం సర్టిఫికెట్టు ఇస్తారేమోనని అబ్బా ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాడు. గుమాస్తా కాగితం చూసి నవ్వాడు. "సాయిబు గారూ, మీకు కులమేంటండీ? మీరు ఓసీ. సర్టిఫికెట్టుతో పనేంటి?" అన్నాడు.

అప్పటి జాబితా ప్రకారం ఆయన చెప్పింది నిజమే. సైకిళ్ళు బాగుచేసి ఆరుగురిని సాకుతున్న షేకు కుటుంబమూ, పాతిక ఎకరాల మాగాణి ఉన్న ఆసామి కుటుంబమూ ఆ గడిలో ఒకటే. అప్పట్లో తాండవ ఏటికి ఇవతల తుని తూర్పు గోదావరి, అవతల పాయకరావుపేట విశాఖ జిల్లా. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రెండూ ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోవే. సీట్లలో 85 శాతం స్థానికులవి. కాబట్టి ఏరు దాటినా మేము స్థానికులమే. వర్గం గడి దగ్గరకొచ్చేసరికి మాత్రం మేమెవరమో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ తెలియదు.

ఈ గడికి చాలా పెద్ద చరిత్రే ఉంది. తుని అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోది. అక్కడ జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో కమ్యూనల్ జీవో తెచ్చింది. 1927లో ఖరారైన లెక్క ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి 2, అణగారిన కులాలకు 1. కాలేజీ సీట్లకూ ఈ పద్ధతే వచ్చింది. స్వాతంత్య్రం వచ్చేనాటికి మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో ముస్లింలకు దక్కేది 1. ఆనాటి గడి అడిగింది ఒక్కటే, నీ మతమేమిటని. ముస్లిం అంటే చాలు. నవాబు వారసుడైనా, తోళ్ళ పని చేసుకునేవాడైనా ఒకే లెక్క.

రాజ్యాంగం వచ్చాక చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అదే ఏడు మొదటి సవరణతో 15(4) అధికరణం వచ్చింది. మతం పోయి 'సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులు' అన్న మాట వచ్చింది. మంచి మాటే. అయితే ఆ తరగతులెవరో ఎవరు తేల్చాలి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన జాబితా 1968లో సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. ఆ తర్వాత అనంతరామన్ కమిషన్ 1970లో నివేదిక ఇచ్చింది. ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులు, 7, 10, 1, 7 చొప్పున మొత్తం 25 శాతం. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది.

ఆ జాబితాలో ముస్లింలు అసలు లేరనుకుంటే పొరపాటు. పాకీ పని చేసే మెహతర్లు 'ఎ'లో ఉన్నారు. దూదేకుల, లద్దాఫ్, పింజారి లేదా నూర్‌బాషా అన్న పేరుతో దూదేకుల సోదరులు 'బి'లో ఉన్నారు. మిగిలిన మేమంతా ఓసీ.

ఇక్కడ మా తప్పు మేము ఒప్పుకోవాలి. దూదేకులవాళ్ళను మేము ఎప్పుడు మా వాళ్ళనుకున్నాం గనక? వాళ్ళకు ఉర్దూ రాదనీ, ఇంట్లో తెలుగే మాట్లాడతారనీ వెక్కిరించాం. నమాజు వరసలో భుజం భుజం కలిపి నిలబడి, పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి మొహం తిప్పుకున్నాం. సయ్యదు షేకునీ, పఠాను దూదేకులనీ ఎలా చూస్తారో మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అయినా బయటివాళ్ళు అడిగితే "ఇస్లాంలో కులం లేదండీ" అని గొప్పగా చెప్పాం. మతంలో లేని మాట వాస్తవమే. మాలో ఉందన్న మాటా వాస్తవమే. మొదటి మాటతో రెండోదాన్ని కప్పిపెట్టినన్నాళ్ళూ మా దూదేకుల పిల్లవాడి బాధా మాది కాలేదు, మా పేదరికానికి పేరూ దొరకలేదు. ఆ పిల్లవాడు 'బి'లో సీటు తెచ్చుకుంటే సంతోషించక అసూయపడ్డాం.

దీన్ని వెనక్కి తిప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1994లో ముస్లింలను వెనుకబడిన తరగతుల్లో చేర్చే ప్రతిపాదనను ప్రభుత్వం కమిషన్‌కు పంపింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 2004 జులైలో ముస్లింలందరికీ 5 శాతం అంటూ జీవో వచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, నవంబరులో అదీ పోయింది. ముస్లింలందరినీ ఒకే తరగతిగా చూడటమే కోర్టు ముందు బలహీనమైంది. అంటే ఇన్నాళ్ళూ మేము గర్వంగా చెప్పుకున్న 'మేమంతా ఒక్కటే' అన్న మాటే మాకు అడ్డం తిరిగింది.

2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా మరో చట్టం వచ్చింది. ఈసారి మతం పేరు కాదు, వృత్తుల పేర్లు, గుంపుల పేర్లు. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకళ్ళు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాములు, లబ్బీలు, ఖురేషీలు, సిద్దీలు, తురక కాశలు, వాళ్ళతో పాటు షేకులు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మేమన్ వంటివారు మినహా. ఇదే బి.సి.-ఇ. 5 శాతం కాస్తా 4 ఎందుకయిందంటే, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 25, మొత్తం 46. సుప్రీంకోర్టు 1992లో పెట్టిన హద్దు 50. మిగిలింది 4. మా వెనుకబాటుతనాన్ని కొలిచి ఇచ్చింది కాదది, సంచిలో మిగిలినది.

అదీ నిలకడగా లేదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించి, అసలు ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి వదిలింది. ఆ ఉత్తర్వు మీదే ఏళ్ళ తరబడి మా పిల్లలు సీట్లు తెచ్చుకున్నారు. 25 సీట్లున్న ఎమ్మే తరగతిలో 4 శాతమంటే ఒక్క సీటు. దానికే ఇంత గొడవా అనేవాళ్ళు ఒకసారి సచార్ కమిటీ నివేదిక చూడాలి. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒకరు, పీజీ చదివే 50 మందిలో ఒకరు ముస్లిం అని 2006లో రాసింది. మెట్టు పైకి పోయేకొద్దీ మేము సగం తగ్గిపోతున్నాం. ఒక్క సీటు విలువ అక్కడ తెలుస్తుంది.

2016 జనవరి 31న మా ఊరి పేరు దేశమంతా వినపడింది. కాపులను బీసీల్లో చేర్చాలని తునిలో జరిగిన సభ రోజున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. రైలు తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ రోజు మాకు తట్టిన విషయం ఒకటుంది. దరఖాస్తులో గడి కోసం ఆరాటం మా ఒక్కరిదే కాదు. 2017 డిసెంబరులో శాసనసభ కాపులకు 5 శాతంతో 'ఎఫ్' బిల్లు ఆమోదించింది, అది అమలుకు రాలేదు. అదే ఏడు తెలంగాణ శాసనసభ ముస్లిం వెనుకబడిన వర్గాల వాటా 12 శాతానికి పెంచుతూ చేసిన బిల్లుదీ అదే గతి. 50 అన్న గోడ కింద అందరం ఒకరి మీద ఒకరం పడుతున్నాం. ఒకరి గడి మరొకరి గడికి శత్రువని నమ్మించడం చాలా తేలిక. మాలో చాలామంది నమ్మారు కూడా.

'ఇ' అక్షరం మాకు సీట్లు ఇచ్చింది. అంతకంటే పెద్ద పని, అబద్ధాన్ని మా చేత మాన్పించింది. ఇప్పుడు మా పిల్లలు 'షేక్, బి.సి.-ఇ' అని తడబడకుండా రాస్తున్నారు. అయితే ఆ ఒక్క సీటు ఎవరికి పోతోంది? జాబితాలో షేకుల పక్కనే ఉన్న ఫకీరు బిడ్డకు, గారడీ సాయిబు బిడ్డకు ఎన్నిసార్లు దక్కింది? సంఖ్యలో ఎక్కువున్న షేకులమే అంతా తీసేసుకుంటే, ఇన్నాళ్ళూ ఓసీ గడిలో మాకు జరిగిందే మేము వాళ్ళకు చేసినట్టవుతుంది. ఏ గుంపుకు ఎన్ని సీట్లు వచ్చాయో లెక్క బయటపెట్టమని యూనివర్సిటీలను అడగాల్సింది ముందుగా మేమే. దూదేకుల ఇంటి నుంచి సంబంధం వస్తే తలుపు తీయాల్సిందీ మేమే.

ఆనాటి గుమాస్తా ప్రశ్నకు అబ్బా దగ్గర జవాబు లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మాకు సీటు రాలేదు, పత్రికల్లో పడ్డాం. ఈ ఏడు మా వీధి అమ్మాయి పీజీ దరఖాస్తు నింపుతూ ఆ గడి దగ్గర ఆగలేదు. రాసేసి, "చాచా, తర్వాత ఏం రాయాలి?" అని అడిగింది.