మందు సరే, గుచ్చేదెవరు?

మా పల్నాడులో అరవై దాటినవాళ్ళ చేతులు ఓసారి చూడండి. నరసరావుపేటైనా, మాచర్లైనా, చాలామందికి గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. మశూచి టీకా మచ్చలవి. వాటి వెనకున్న కథ మన సాఫ్టువేరు వాళ్ళు తెలుసుకోదగ్గదని నా అభిప్రాయం.

పాతరోజుల్లో మనదేశంలో టీకాకి రోటరీ లాన్సెట్ అని ఒకటి వాడేవాళ్ళు. కడ్డీ చివర పళ్ళున్న చిన్న బిళ్ళ. చేతి మీద మందు చుక్క వేసి, ఆ బిళ్ళని అక్కడ పెట్టి గిర్రున తిప్పడమే! నొప్పి, పుండు, జ్వరం.. టీకాలాయన వస్తున్నాడంటే జనం పారిపోయారంటే పారిపోరూ? పైగా అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి పోలేరమ్మకి మొక్కుకోవాలి గానీ సూదులేమిటి అనే నమ్మకం ఒకటి.

జెన్నర్ టీకా కనిపెట్టింది 1796లో. 1802కల్లా బొంబాయిలో వేశారు కూడా. అయినా మశూచి మనదేశం వదలడానికి ఇంకో 170 ఏళ్ళు పైనే పట్టింది. ఎందుకంటారు? ఎండకి మందు పాడైపోయేది, వేసే పద్ధతి జనాన్ని భయపెట్టేది, అసలు అందరి దాకా వెళ్ళేదే కాదు.

1950లలో ఎండకి తట్టుకునే పొడిమందు వచ్చింది. 1960లలో రెండు మొనల సూది వచ్చింది. మొనల మధ్య చుక్క మందు నిలబడుతుంది, దాంతో చేతి మీద పదిహేనుసార్లు టకటకా పొడవడమే. నేర్చుకోవడానికి కాసేపు చాలు. పాత పద్ధతిలో ఒకరికి పట్టే మందు నలుగురికి సరిపోయేది. 1973 నుంచి ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని వెతికారు. 1975 మే తర్వాత మనదేశంలో మళ్ళీ మశూచి కేసు లేదు. మన భాషలో చెప్పాలంటే, కోడు దాదాపు అదే. మారింది డిప్లాయ్‌మెంటు!

ఇప్పుడు ఫ్లూ సంగతికొద్దాం. 2009 మేలో మనదేశపు మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాదులో, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. 2010కల్లా సూదిమందూ, ముక్కులో కొట్టే మందూ రెండూ ఇక్కడే తయారయ్యాయి. పెద్దవాళ్ళకి మామూలుగా వేసేది సూదే. భుజం కింద కండలో అర మిల్లీలీటరు, అంతే. కాకపోతే వైరస్ మారుతుంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి.

అంటే వేసే పద్ధతి చిక్కు తీరిపోయింది. మరి చేరడం? ఫ్లూ టీకా మన జాతీయ టీకాల పట్టికలో లేదు. ఇంటికొచ్చి వేసేవాళ్ళూ లేరు. అమెరికాలో ఉన్నవాళ్ళం అక్టోబరు రాగానే ఆఫీసులోనో మందులషాపులోనో చొక్కా చెయ్యి పైకి మడుస్తాం. గురజాలలో ఉన్న నాన్నకి షుగరు, అమ్మకి ఆయాసం. ఫ్లూ వస్తే ఎక్కువ ప్రమాదం వాళ్ళకే, మనకి కాదు.

రోజూ ఫోనులో అన్నం తిన్నారా అని అడుగుతాం కదా. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఈ టీకా సంగతి అడగండి. ఈ కాలపు టీకాలాయన మనమే మరి!