తంత్రుల లావు సన్నములు

పోయిన వేసవిలో నా కూతురి కొడుకు హైదరాబాదునుండి మా హుజూర్‌నగరునకు వచ్చుచు ఒక విద్యుద్గిటారును వెంట తెచ్చెను. దాని తీగెలలో ఒకటి తెగియుండెను. వాడు రెండు కాగితపు పొట్లములు నా చేతిలో పెట్టి, "తాతా, ఇండ్ల సన్నది ఏది, దొడ్డుది ఏది?" అని యడిగెను. ఒకదానిపై 9 అనియు రెండవదానిపై 10 అనియు అంకెలుండెను. నలుబది యేండ్లుగా వీణ తీగెలు కొనుచున్నవాడను గనుక నేను సందేహింపక, "అంకె పెరిగినకొలది తీగె సన్నమగును, 10 సన్నది" అంటిని. వాడు రెంటిని విప్పి వ్రేళ్ల నడుమ నలిపి చూచి నవ్వెను. 10 దొడ్డుది, 9 సన్నది! ముప్పది యేండ్లు బడిలో పిల్లల తప్పులు దిద్దితిని. ఆనాడు నా తప్పును నా మనుమడు దిద్దెను. అది యెట్లు వచ్చినదో వెదకుచు పోగా కొంత చరిత్రము చేతికి చిక్కినది. పెద్దలకు దానిని నేడు మనవి చేయుచున్నాను.

తీగె తీయువారు గట్టి ఉక్కు పలకకు వరుసగా చిన్నవగుచు పోవు రంధ్రములు చేసి, లోహపు కడ్డీని ఒక్కొక్క రంధ్రము గుండ లాగుదురు. లాగిన ప్రతిసారి తీగె సన్నగిల్లి పొడుగగును. ఎన్నవ లాగుడునకు వచ్చిన తీగెయో ఆ సంఖ్యయే దానికి పేరుగా నిలిచెను. కావున పెద్ద అంకె సన్నని తీగెకు గుఱుతు. ఆంగ్లదేశమున ఒక్కొక్క యూరివారు ఒక్కొక్క లెక్క నడుపుచుండగా, 1884లో ప్రభుత్వమువారు అందఱకు నొకే కొలతను శాసించిరి. మన వీణ తీగెల అంకెలు ఆ కొలతనుండి వచ్చినవే. దాని ప్రకారము 28వ అంకె తీగె మందము అంగుళములో వేయింట 14.8 వంతులు, 30వ అంకెది 12.4 వంతులు, 33వ అంకెది సరిగా 10 వంతులు. గిటారు పొట్లముపై అమెరికావారు లాగుడు లెక్క విడిచి, అంగుళములో వేయింట నెన్ని వంతులో ఆ మందమునే యచ్చువేయుదురు. నా మనుమని 10 అనునది మన 33 అన్నమాట. ఒకరు పని లెక్కించిరి, ఒకరు ఫలము కొలిచిరి. ఇరువురి లెక్కయు సరియే, తప్పు నాది.

ఇక తీగె లావునకు స్వరమునకు గల సంబంధము. మన పల్లెలలో దూదేకులవారి వింటి నారి మ్రోగుట వినని పెద్దలుండరు. నారి పొడుగైన మ్రోత దిగును, బిగించిన పైకెక్కును, బరువైన నారి వేసిన మరల దిగును. ఈ మూడింటిని లెక్కగా కట్టి మెర్సెన్ అను ఫ్రెంచి మతగురువు 1636లో గ్రంథస్థము చేసెను. పొడవును బిగువును మార్చక, అదే లోహముతో తీగె మందమును రెట్టింపు చేసినచో స్వరము సరిగా ఒక స్థాయి దిగును. మందమును మార్చియు స్వరమును నిలుపవలెనన్న బిగువును మార్చవలెను. ఆ బిగువు మందముయొక్క వర్గమును బట్టి పెరుగును. 30వ అంకె తీగెను తీసి 28 వేసి అదే షడ్జము పలికింపవలెనన్న, బిగువు నూటికి 42 వంతులు ఎక్కువ కావలెను. అంకెలలో రెండే భేదము, బిరడ త్రిప్పు చేతికి మాత్రము సగమునకు దగ్గఱి భేదము.

సన్న తీగె త్వరగా తెగునని మనలో గట్టి నమ్మకము కలదు. ఇది పూర్తిగా నిజము కాదు. తీగె సన్నమైనకొలది దాని బలము తగ్గునుగాని, దానిని ఆ స్వరమునకు తెచ్చుటకు వలయు బిగువు కూడ అదే పాళమున తగ్గును. కనుక ఒకే లోహము, ఒకే పొడవు ఉన్నంతవఱకు, సన్నదియు లావుదియు దాదాపు ఒకే స్వరముకడ తెగును. బిరడ రంధ్రముకడనో గుఱ్ఱముమీదనో నలిగి తెగుట వేఱు సంగతి.

మన పూర్వులు ఈ లెక్కను సూత్రముగా వ్రాసియుండక పోవచ్చును, కాని చేతితో ఎఱుగుదురు. భరతుడు నాట్యశాస్త్రమున రెండు వీణలను సమముగా శ్రుతిచేసి, ఒకదానిని కదపక రెండవదాని తంత్రులను మెట్టుమెట్టుగా సడలించుచు శ్రుతులను నిరూపించెను. అది బిగువు పరీక్షయే. 1550లో అళియ రామరాయల యాదరణమున రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజమేళవీణ అని భేదములు చెప్పబడినవి. మొదటిదాని నాలుగు తంత్రులకు షడ్జ, పంచమ, షడ్జ, మధ్యమములు శ్రుతి. రెండవదానికి పంచమ, షడ్జ, పంచమ, షడ్జములు. నేడు మన వీణలపై నున్నది ఈ రెండవదే.

సంగీత చరిత్రలు చెప్పువారు ఇక్కడ మేళమునుగూర్చి పుటలకొలది వ్రాయుదురుగాని తీగెనుగూర్చి పలుకరు. షడ్జమును మార్చక మొదటి శ్రుతినుండి రెండవదానికి పోవలెనన్న, నాలుగు తంత్రులలో మూడింటిని ఒకటిన్నర రెట్లు పైకెక్కింపవలెను. పాత తీగెలనే యుంచినచో వానిపై బిగువు రెండుంబాతిక రెట్లగును. అంత బిగువునకు తీగెయైన తెగవలెను, దండియైన వంగవలెను. షడ్జమును దింపవలెను; లేదా తీగెలను మూడింట రెండు వంతుల మందమునకు సన్నగిల్లజేయవలెను. ఒక శ్రుతి విధానము పోయి మఱియొకటి నిలిచినదనగా, ఆ మార్పు వెనుక తీగె తీయువాని పలకలో కొత్త రంధ్రములు పడి యుండవలెనని నేను తలచుచున్నాను.

తరువాత తంజావూరున రఘునాథ నాయకుని కాలమున, అనగా 1600 మొదలు 1634 వఱకు, వీణకు 24 స్థిరమైన మెట్లు ఏర్పడినవని చెప్పుదురు. తెలుగు రాజు తమిళ దేశమున చేసిన ఆ కట్టుబాటే నేటికిని బొబ్బిలికడ గొల్లపల్లిలో ఒకే పనస మ్రానునుండి తొలిచెడి వీణలకును ఒరవడి. మెట్లు మైనముపై కదలక నిలిచినపిదప తీగె ఎంపిక మఱింత ముఖ్యమైనది. వాయించువాడు గమకమునకై తీగెను ప్రక్కకు లాగవలెను. ఇచ్చట నొక వింత కలదు. ఒకే స్వరమునకు కట్టిన లావు తీగెను సన్న తీగెను ఒకే దూరము లాగినచో రెండును దాదాపు ఒకే స్వరమునకు ఎక్కును. లాగుటకు పట్టు శ్రమ మాత్రము లావుదానికి అంతకంత ఎక్కువ. గమకము చెవికి ఒక్కటే, వ్రేలికి వేఱు.

మా గురువుగారు సారణికి 30, పంచమమునకు 28వ అంకె ఉక్కు తీగెలను, మంద్రమునకు 24, అనుమంద్రమునకు 22వ అంకె ఇత్తడి తీగెలను వేయుచుండిరి. ఒక్కొక్క సంప్రదాయమున ఇందులో ఒకటి రెండంకెల భేదముండును. అన్నిటికి ఉక్కే యేల వేయరాదు? అనుమంద్ర పంచమము సారణి స్వరములో ఎనిమిదింట మూడు వంతులు. అదే బిగువున ఉక్కుతో పలికింపవలెనన్న రెండు రెట్లమీద మూడింట రెండు వంతుల మందము కావలెను. అది ఇంచుమించు 21వ అంకె తీగె; ఇండ్లు కట్టువారు ఇనుప చువ్వలను ముడివేయు తీగెవంటిది. దానిని మీటిన బిఱుసుదనముచేత అనుస్వరములు అపస్వరములగును. ఇత్తడి మెత్తనిది, ఉక్కుకంటె కొంచెము బరువైనది. అయినను 22వ అంకె ఇత్తడికి సారణి బిగువులో నూటికి ఇంచుమించు 78 వంతులే వచ్చును. అందుచేతనే అనుమంద్రమును గట్టిగా మీటిన మెట్లపై గలగలలాడును. సన్నని నడిమి తీగెపై మఱియొక తీగె చుట్టి, బరువును పెంచి బిఱుసుదనమును తగ్గించు ఉపాయము ఐరోపాలో 1660 ప్రాంతమున వెలువడెను. నేడు వైణికులు పలువురు ఆ చుట్టు తీగెలనే వాడుచున్నారు. సారణికి నేటి బలము వచ్చుటయు ప్రాచీనము కాదు. 1854లో ఆంగ్లదేశమున హార్స్‌ఫాల్ అను నతడు గట్టి ఉక్కు తీగె చేయు విధానమునకు హక్కుపత్రము పొందిన తరువాతి మాట.

గిటారువారికిని ఇదే తగవు. విద్యుద్గిటారు 1930 తరువాత అమెరికాలో పుట్టినది. అయస్కాంతముపై చుట్టిన రాగి తీగె చుట్ట, ఉక్కు తంత్రి కదలికను పట్టి ధ్వనియంత్రమునకు పంపును. ఇత్తడి తంత్రిని ఆ చుట్ట గుర్తింపదు; అందుచేతనే వీణకు ఆ పరికరమునే బిగించినచో మంద్రములు మూగవోవును. ధ్వనిని యంత్రమే పెంచునపుడు లావు తీగెల బలముతో పనియేమి? కాని తొలినాళ్లలో పాత గిటారుల లావు తీగెలనే దీనికిని అమ్ముచుండిరి. లాగి గమకము పలికింపగోరు యువకులు బ్యాంజో అను వాద్యపు సన్న తీగెను మొదట వేసి, తక్కినవానిని ఒక్కొక్క స్థానము జరుపుకొనుచుండిరి. కాలిఫోర్నియాలో వాద్యముల దుకాణము నడిపిన ఎర్నీ బాల్ దీనిని గమనించి, 1962లో 10 మొదలు 46 వఱకు గల సన్నని తీగెల జట్టును అమ్మకమునకు పెట్టెను. మన సారణి, ఆ జట్టులోని 13 అను రెండవ తంత్రికి వెండ్రుకవాసి సన్నము. గమకముకొఱకు సన్న తీగె వెదకుట మన వైణికులకును వారికిని సమానమే.

ఈ సంగతి నేను ఆలస్యముగా నేర్చితిని. 1977లో, నాకు పదునెనిమిదేండ్లు నిండకముందు, శ్రీరామనవమి పందిటిలో వాయింపవలసి వచ్చెను. మా యూర ఆ దినములలో విద్యుత్తు పోవుట మామూలు. ధ్వని దూరము పోవలెనని, గురువుగారు ఊర లేని వేళ చూచి, వారి వీణకు ప్రతి తంత్రిని రెండంకెలు లావు చేసితిని. సారణికి 28, అనుమంద్రమునకు 20. మొత్తము బిగువు ఒకటిన్నర రెట్లకు వచ్చియుండును. ఆనాడు నాకు ఆ లెక్క తెలియదు. ధ్వని పందిలి దాటి పోయినమాట నిజమే. మూడవనాటికి గుఱ్ఱము క్రింది పలక కుంగి, సారణి మెట్లకు అంటుకొని బుసకొట్టసాగెను. గురువుగారు వచ్చి చూచి కోపపడలేదు. తీగెలన్నియు విప్పి చుట్టచుట్టి నా చేతికిచ్చి, "ఇవి నీవే ఉంచుకొనుము" అనిరి. ఆ వీణ వారి తండ్రిగారిది. పలక మార్పించిరిగాని పాత నాదము రాలేదు. ఆ చుట్టలు నాకడ నేటికిని కలవు.

మన ప్రాంతపు తంత్రీవాద్యమును చెప్పక విడువరాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పలు వీణల పేర్లు చెప్పెను. దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున కిన్నరీ వీణను వర్ణించెను. ఆ కిన్నరి వంశపుదే మన పాలమూరు, నల్లగొండల కిన్నెర. వెదురు దండి, ఎండిన సొరబుఱ్ఱలు, మైనముతో అతికించిన మెట్లు. పూర్వము దీనికి జంతువుల నరములు తంత్రులుగా నుండెడివి. ఇప్పుడు లోహపు తీగెలు. పండుగ సాయన్న కథను పన్నెండు మెట్ల కిన్నెరపై పాడిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చిన పిదప పట్టణములవారు దీని పేరు వినిరి; మన పెద్దలు చిన్ననాటనే వినియున్నారు.

మనుమడు వెళ్లిన తరువాతి వారము మా సంతలో ఒక కిన్నెరకాడు కూర్చుండి యుండెను. అతని తీగె, మోటారుసైకిలు తాడునుండి విడదీసిన పోగు. నేను ఇంటికి పోయి 30వ అంకె సారణి చుట్టను తెచ్చి యిచ్చితిని. అతడు దానిని కట్టి, బొటనవ్రేలితో మీటి, తల అడ్డముగా నూపెను. "సారూ, ఇది సన్నగ ఏడుస్తది. నా బుఱ్ఱ పలకాలంటె జెర దొడ్డుది కావాలె" అనెను. నరపు తంత్రికి అలవడిన వాద్యము అది. సన్న ఉక్కు తీగెకు ఆ బుఱ్ఱలు బదులు పలుకలేదు. మరల పోయి, 1977 నాటి 28వ అంకె చుట్టను విప్పి, త్రుప్పు పట్టని భాగము కొంత కత్తిరించి యిచ్చితిని. కట్టి మీటగానే కూరగాయలమ్ము వారు ఇటు తిరిగిరి. అతడు మిగిలిన తీగెను కూడ నడిగి పుచ్చుకొని, తలపాగ కొంగున ముడివేసికొనెను.