పేకముక్కలు తెర కెక్కిన చరిత్ర

పేకాట తెలియని తెలుగు ఇల్లు అరుదు. పండుగనాటి రాత్రి నట్టింట చాప పరచుకొని ముక్కలు పంచుకొనని బంధువర్గము గాని, దూరప్రయాణమున రైలులో పెట్టెను నడుమ నిలిపి రమ్మీకి కూర్చుండని మిత్రబృందము గాని లేదనియే చెప్పవచ్చును. ఆ పేకలో 52 ముక్కలు. ఆట ముగియగనే అన్నియు మరల డబ్బాలో చేరును. నేడు ఒకరి చేతిలో నున్న ఆసు రేపు మరియొకరి చేతికి వచ్చును; అది ఎవరి సొత్తును కాదు. అంతకు ముందటి గంజీఫాయును ఇట్టిదే. బాబరు 1527లో సింధు ప్రాంతపు షా హసనునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. తరువాతి కాలమున ఆ ఆట ఈ దేశపు రంగులు పూసికొని 120 ముక్కల దశావతార గంజీఫాగా కూడ వెలసెను. నిర్మల్ చిత్రకారుల కుంచెలును గంజీఫా ముక్కలకు వన్నె పెట్టినవి. బొమ్మ ఎంత సొగసైనదైనను పేక యంతయు ఒక్కటే వస్తువు. అందుండి ఒక ముక్క పోయినచో ఆ ముక్కయు పనికిరాదు, మిగిలిన పేకయు పనికిరాదు.

ఈ సూత్రమును తలక్రిందులు చేసిన ఆట ఒకటి 1993లో అమెరికాలో పుట్టెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమున డాక్టరేటు పట్టము పొందిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను నతడు, తాను కల్పించిన వేరొక ఆటను తీసికొని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను చిన్న సంస్థ అధిపతి పీటర్ ఆడ్కిసన్‌ను కలిసికొనెను. దానిని అచ్చువేయగల పెట్టుబడి ఆడ్కిసన్ వద్ద లేదు. ఆటల సమ్మేళనములలో ఒక కార్యక్రమమునకును మరియొకదానికిని నడుమ కలుగు తీరికలో, సులభముగ వెంట తీసికొనిపోయి ఆడుకొనదగిన చిన్న ఆట కావలెనని అతడు కోరెను. ఆ కోరికకు సమాధానముగ వచ్చినదే మ్యాజిక్: ది గ్యాదరింగ్. ఇందు ఆటగాండ్రిద్దరును మాంత్రికులు. ఒక్కొక్కనికి 20 ప్రాణాంశములు. మైదానము, ద్వీపము, చిత్తడినేల, పర్వతము, అరణ్యము అను అయిదు విధముల భూములనుండి శక్తిని గ్రహించి, మంత్రములను ప్రయోగించియు జంతుభూతాదులను పిలిచియు ఎదుటివాని ప్రాణాంశములను హరింపవలెను. ఇంతవరకు వింత లేదు. వింత యేమనగా, ఎవని పేకను వాడే కూర్చుకొని రావలెను. అంగడిలో మూసిన పొట్లములు అమ్ముదురు. తొలినాట పొట్లమునకు 15 ముక్కలుండెను. లోపల ఏవి యున్నవో విప్పిన పిమ్మటగాని తెలియదు. కావలసినది దొరకనివాడు మిత్రునితో మారకము వేసికొనవలెను. తొలి ముద్రణమున బెల్జియములో అచ్చైన సుమారు 26 లక్షల ముక్కలు కొద్ది వారములలోనే అమ్ముడుపోయినవి.

ఆటలో బలము, అంగడిలో ధర అను రెండు విలువలు ఈ విధముగ ఒకే ముక్కకు అతుకుకొన్నవి. తొలినాటి నియమములలో పందెము కూడ నుండెను: ఆటకు ముందు ఇద్దరును తమ పేకలనుండి ఒక్కొక్క ముక్కను పక్కన పెట్టవలెను, గెలిచినవాడు రెండింటిని తీసికొనును. ధర్మరాజు కథ ఎరిగినవారికి ఈ ఏర్పాటు ఎచటికి దారితీయునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆటగాండ్రే దానిని మెచ్చలేదు; అది త్వరలోనే వాడుక తప్పెను. కాని ధరల వెఱ్ఱి తప్పలేదు. 1995లో సంస్థ పాత ముక్కలను కొన్నింటిని తిరిగి అచ్చువేయగా, సేకరించినవారు తమ ఆస్తి కరగిపోయినదని గగ్గోలు పెట్టిరి. 1996లో సంస్థ ఒక పట్టికను ప్రకటించి, అందలి ముక్కలను ఇక ముద్రింపమని మాట యిచ్చెను. ఆ మాట సేకర్తలకు వరము, క్రొత్తగా ఆడవచ్చినవారికి గోడ. తొలి ముద్రణపు ‘బ్లాక్ లోటస్’ అను ముక్క 2021 జనవరిలో వేలమున 5,11,100 డాలర్లకు పోయెను. ఆటలో అది చేయు పని ఒక్కటే: మూడు శక్తులను ఒక్కసారిగ ఇచ్చి మాయమగుట!

కంప్యూటరు ఈ కథలో ప్రవేశించినది ఇచటనే. 1997లో మైక్రోప్రోస్ సంస్థ ఈ ఆటను సీడీపై వెలువరించెను. ప్రసిద్ధ ఆటల రూపకర్త సిడ్ మయర్ హస్తము అందు కలదు. ఆటగాడు షాండలార్ అను కల్పితలోకమున సంచరించుచు, ఎదురైన మాంత్రికులతో ద్వంద్వయుద్ధములు చేసి, గుహలలోని నిక్షేపములు గాలించి ముక్కలు సంపాదించుకొనును. పందెపు నియమమును అందు నిలిపిరి. ఓడినచో పోవునది తెరమీది బొమ్మయే గనుక గుండె పగులదు. సీడీ వెల ఒక్కసారి చెల్లించినవానికి బ్లాక్ లోటస్ కూడ అందుబాటులో నుండెను. కాగితముపై ధనికులకే పరిమితమైనది తెరపై ఓపిక గలవాని కెల్ల దక్కినది. అంతేకాక, కాగితముపై సాధ్యము కాని 12 ముక్కలను ఆ ఆటకొరకే కల్పించిరి. అప్పటికప్పుడు యాదృచ్ఛికముగ ఫలితము నిర్ణయించు పనిని వానిలో యంత్రమునకు అప్పగించిరి. లోపము లేకపోలేదు. యంత్రము ఎత్తులు వేయుటలో మందమతి. నాలుగు దినములు ఆడినవాడు దానిని సులభముగ బోల్తా కొట్టించును.

జపానులో ఇట్టి ప్రయత్నమే మరియొక రూపమున జరిగెను. అచట 1996 అక్టోబరులో వెలువడిన పోకెమాన్ ముక్కల ఆటను 1998 డిసెంబరులో గేమ్ బాయ్ అను చేతియంత్రమునకు ఎక్కించిరి. రెండు యంత్రములను ఎదురెదురుగ పట్టుకొన్నచో కంటికి కనబడని కిరణము ద్వారా ఇద్దరికిని క్రొత్త ముక్కలు వచ్చు సదుపాయము అందు కలదు. ఆ విధముననే తప్ప మరి యే విధమునను దొరకని ముక్కలును అందున్నవి. తోటిపిల్లవానితో మారకము వేసికొనుటలోని సంబరమును యంత్రము మింగివేయరాదని ఆ ఆట కూర్చినవారు గ్రహించిరి. ఆ సంబరము మన పిల్లలకును క్రొత్త కాదు. 1990 దశకమున మల్లయోధుల బొమ్మలున్న ట్రంపుకార్డులకై బడి మెట్లపై జరిగిన బేరములను నేటి ఉద్యోగులలో పలువురు ఎరుగుదురు.

2002 జూనులో ప్రారంభమైన మ్యాజిక్ ఆన్‌లైన్‌తో అసలు చిక్కు మొదలయ్యెను. ఇందు ఎదుటివాడు యంత్రము కాడు. ఇంటర్నెట్టు ఆవలి నున్న మనుష్యుడు. కనుక పొట్లములు కూడ నిజమైన ధనముతో కొనవలెను. అప్పట్లో వాని వెలయు కాగితపు పొట్లముల వెలయే. చేతికి రాని బొమ్మకు కాగితపు వెల ఏల అని అడిగినవారికి సంస్థ విచిత్రమైన సమాధానము చెప్పెను: ఒక సంపుటములోని ముక్కలన్నింటిని తెరపై సంపూర్ణముగ సేకరించినవాడు, కొంత రుసుము చెల్లించి వానిని అప్పగించినచో, అచ్చు ముక్కల సంపుటము తపాలాలో ఇంటికి వచ్చును. తెరమీది ముక్కలు అతని ఖాతానుండి తొలగిపోవును. నోటుపై అచ్చు వేయబడు చెల్లింపు వాగ్దానము వంటిదే ఇదియు. ఆ నమ్మకముతో తెరమీది ముక్కలకు కూడ అంగడి ఏర్పడెను. పోటీల ప్రవేశమునకు అమ్మెడి ఒక డాలరు టిక్కెట్టే అచట నాణెముగ చెలామణి యయ్యెను. అయినను ఖాతాదారు ఒప్పుకొను నిబంధనల పత్రమున మాత్రము ఆ ముక్కలు అతని సొత్తు కావనియు, వాడుకొనుటకు ఇచ్చిన అనుమతి మాత్రమే యనియు వ్రాసియుండెను. సంతకము చేయు ముందు పత్రము చదువు అలవాటు కార్యాలయములలోనే తక్కువ. ఆటగాండ్ర సంగతి చెప్పనేల?

ఆ ధనమునకు బదులుగ ఆటగానికి దక్కిన దేమి? మొదటిది ప్రత్యర్థి. ముక్కలు బీరువానిండ ఉన్నను ఎదుట కూర్చుండువాడు లేనిచో అవి బొమ్మలే. ఊరిలో ఆ ఆటల అంగడి లేనివానికి, మూడేండ్ల కొక బదిలీతో ఊరు మారువానికి, పిల్లలు నిద్రించిన పిమ్మట గాని తీరిక చిక్కని గృహస్థునకు, అర్ధరాత్రివేళ కూడ తనకు సమఉజ్జీ దొరకుట సామాన్యమైన లాభము కాదు. రెండవది తీర్పరి. ఈ ఆట నియమములు న్యాయశాస్త్రమంత చిక్కనివి. ఒక మంత్రముపై మరియొక మంత్రము పడినప్పుడు ఏది ముందు ఫలించునను వివాదములు కాగితపు ఆటలో నిత్యకృత్యములు. 1999లో నియమములను సంస్కరించి, చివర వేసినది ముందుగ ఫలించునట్లు దొంతర పద్ధతిని ఏర్పరచిరి. అది మనుష్యుల తగవులను తగ్గించుటయే గాక యంత్రమునకును అనువైనదయ్యెను. అయినను ఆ పని ఎంత కఠినమో 2019లో తెలియవచ్చెను: ఏ కంప్యూటరు చేయగల గణనమునైనను ఈ ఆట ముక్కలతోనే నడపవచ్చుననియు, కనుక ఒక్కొక్కప్పుడు ఎవరు గెలుతురో ఏ యంత్రమును ముందుగ చెప్పజాలదనియు ముగ్గురు పరిశోధకులు నిరూపించిరి.

ఈ తీర్పరితో ఒక నష్టమును వచ్చినది. ఎదురెదురుగ కూర్చున్నవారు తల ఊపుటతో సరిపుచ్చుకొను అంగీకారములకు తెరపై ఒక్కొక్కదానికి మీట నొక్కవలెను. చదరంగపు గడియారము వలె ఒక్కొక్కరికి 25 నిమిషములు. చేతిలో గెలుపు ఉండియు, మీటలు నొక్కుటలో కాలము చాలక ఓడిపోయినవారు గలరు.

తరువాతి దశాబ్దమున తెరమీద పుట్టిన ముక్కల ఆటలు వచ్చినవి. 2014లో బ్లిజర్డ్ సంస్థ వెలువరించిన హార్త్‌స్టోన్‌లో మారకము లేదు, అమ్మకము లేదు. అక్కరలేని ముక్కలను పొడి చేసి, ఆ పొడితో కావలసినదానిని చేసికొనవలెను. ప్రవేశము ఉచితము. జనము వెల్లువగ వచ్చిరి. దీనికి ప్రతిగ 2018 నవంబరులో వాల్వ్ సంస్థ ఆర్టిఫాక్ట్ అను ఆటను తెచ్చెను. రూపకర్త ఎవరు? మ్యాజిక్‌ను కనిపెట్టిన గార్‌ఫీల్డే. ముక్కకు విలువ నిలువవలెనన్నచో దానిని అమ్ముకొను హక్కు ఉండవలెనను పాత సూత్రమునే ఇందును పాటించిరి. ప్రవేశమునకు 20 డాలర్లు, ఆపై పొట్లములకు వెల. అమ్మకములన్నియు సంస్థ అంగడిలోనే, ప్రతి అమ్మకమునను సంస్థకు వంతు. తొలినాడు ఒకేసారి ఆడుచున్నవారు సుమారు 60,000. కొద్ది నెలలలో అది వందలకు దిగెను. 2021 మార్చిలో సంస్థ చేతు లెత్తివేసి, ముక్కలన్నింటిని అందరికిని ఉచితముగ ఇచ్చెను. ధనము పోసి కొన్నవారికి సేకర్తల ప్రత్యేక ప్రతులు మిగిలినవి. ఆటగాండ్రే లేని ఆటలో ప్రత్యేక ప్రతి ఎందులకు? ఆట బాగుగనే యున్నదని ఆడినవారిలో పలువురు చెప్పిరి. పరాజయమునకు కారణము ఆట కాదు, పోలిక. ఇతరత్ర ఉచితముగ దొరకుచున్న ప్రవేశమునకు ఇచట వెల కట్టిరి.

ఆ గాలిని మ్యాజిక్ సంస్థ అప్పటికే పసిగట్టినది. 2018 సెప్టెంబరులో అందరికిని తెరవబడి, 2019 సెప్టెంబరులో సంపూర్ణముగ వెలువడిన మ్యాజిక్ అరీనాలో ప్రవేశము ఉచితము. ఏ ముక్కగనైనను మార్చుకొనదగిన ఉత్త ముక్కలు అప్పుడప్పుడు చేతికి వచ్చును. 2019 మార్చిలో దీనిపై 10 లక్షల డాలర్ల బహుమానపు పోటీ జరిగెను. 2020లో మహమ్మారి వలన అంగళ్ళలోని పోటీలు ఆగిపోయినప్పుడు ఆట ఆగకుండుటకు ఇట్టి తెరలే ఆధారమయ్యెను. కాని అరీనాలోని ముక్కను మిత్రునికి ఈయలేరు, అమ్ముకొనలేరు, తమ్మునికి వారసత్వముగనైనను అప్పగింపలేరు. 2021 డిసెంబరులో వచ్చిన ఆల్కెమీ అను విభాగమున మరియొక మార్పు జరిగెను: మితిమీరిన బలము గల ముక్కను తెరపైననే సవరించి బలము తగ్గింపసాగిరి. కాగితముపై అదే ముక్క యథాతథము. కష్టపడి సంపాదించిన ముక్క తెల్లవారుసరికి వేరొక ముక్కగ మారియుండుటను ఆటగాండ్రలో అనేకులు నిరసించిరి. ఆట సమతూకమునకు అది మేలే కావచ్చును. సొత్తు అను భావమునకు మాత్రము గొడ్డలిపెట్టు.

పోకెమాన్ వారి కథయు ఇచటికే వచ్చినది. 2011లో ఆరంభమైన వారి ఆన్‌లైన్ ఆటలో, కాగితపు పొట్లముతో వచ్చు సంకేతమును ఎక్కించినచో తెరపై మరియొక పొట్లము విప్పుకొనవచ్చును. ముక్కలను మారకము కూడ వేసికొనవచ్చును. 2023 జూనులో దానిని మూసి క్రొత్త ఆటకు మార్చిరి. ఖాతాలు మారినవి గాని మారకపు సదుపాయము మారలేదు. క్రొత్తదానిలో అది లేనే లేదు. 2024 అక్టోబరులో వచ్చిన పాకెట్ అను ఆటలో దినమునకు రెండు పొట్లములు ఉచితముగ విప్పవచ్చును. 2025 జనవరిలో మారకమును ప్రవేశపెట్టిరి. కాని దానికి కావలసిన టోకెన్లకై తమ అరుదైన ముక్కలనే నాశనము చేసికొనవలసి వచ్చెను. గగ్గోలు పుట్టగా ఆ యేడే ఆ పద్ధతిని మార్చిరి.

1997 నాటి షాండలార్ సీడీని వెలువరించిన సంస్థ దానిని ఏనాడో వదలివేసెను. క్రొత్త కంప్యూటర్లలో అది తిన్నగ నడవదు. అయినను అభిమానులు కొందరు పైసా ప్రతిఫలము లేక, రాత్రులు కూర్చుండి, దానిని సరిచేసి, తరువాతి సంవత్సరముల ముక్కలను కూడ అందు చేర్చుచు వచ్చిరి. ఆ లోకపు గుహలలో వెదకినవానికి బ్లాక్ లోటస్ ఇప్పటికిని దొరకును.